కోయని గడ్డి

సీతాఫలం గుట్ట మీద గడ్డి ఎప్పుడు కోయాలో కాలనీ వాళ్ళు బాలనర్సయ్యనే అడిగేవారు.

జూబ్లీ హిల్స్ బంగళాల వెనక నలభై ఎకరాల గుట్ట అది. చుట్టూ ఇళ్ళు లేచిపోయినా అదొక్కటి ఎలాగో మిగిలిపోయింది. పెద్ద పెద్ద బండరాళ్ళు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, తుమ్మ, వేప, వాటి మధ్య మనిషి ఛాతీ దాకా పెరిగే బోదగడ్డి. పై గేటు కాలనీ వైపు, కింది గేటు పడమటి గోడ చివర, బస్తీ వైపు. రెంటినీ కలుపుతూ ఒక మట్టిదారి. తెల్లవారుజామున కాలనీ వాళ్ళు ఆ దారి మీద వాకింగ్ చేస్తారు. పొద్దు పొడిచాక బస్తీలోని వంటమనుషులు, ఇంటి పనివాళ్ళు అదే దారిన గుట్టెక్కి బంగళాలకు వస్తారు. మధ్యాహ్నం అదే దారిన దిగిపోతారు. రోడ్డు మీద చుట్టూ తిరిగి రావాలంటే నాలుగు కిలోమీటర్లు. గుట్ట మీదుగా అయితే ఇరవై నిమిషాలు.

పదిహేడేళ్ళుగా ఆ దారిని బాగుచేసే పని బాలనర్సయ్యది. వానలకు కోసుకుపోయిన చోట మట్టి పోస్తాడు, అడ్డం పడ్డ కొమ్మలు నరుకుతాడు. జనవరి ఆఖరులో ఓదెలునూ భిక్షాన్నీ తోడు తెచ్చుకుని దారికి రెండు వైపులా గడ్డి కోస్తాడు. తర్వాత గోడ పొడుగునా, రెండు బారల వెడల్పున, మట్టి కనబడేదాకా చెక్కి శుభ్రం చేస్తాడు. దాన్ని ఫైర్ లైన్ అంటారు. మంట అక్కడిదాకా వచ్చినా తినడానికి ఏమీ దొరక్క ఆగిపోతుంది. తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి అలాగే ఆగింది కూడా. ఆ రోజు కాలనీ వాళ్ళు బాలనర్సయ్యకు శాలువా కప్పారు.

ఆ శాలువా కప్పిన వాళ్ళలో అచ్యుతరామయ్య ఒకడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఊరు తణుకు దగ్గర. మద్రాసులో మొదలుపెట్టి, సినిమా పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి, ముప్ఫయ్యేళ్ళు ప్రొడక్షన్ మేనేజర్‌గా చేశాడు. ఎడారిలో మూడు వందల మందికి పూటపూటా వేడి భోజనం పెట్టించినవాడు. ఆఖరి సినిమా చేసి పదకొండేళ్ళయింది. ఆ తర్వాత ఫిల్మ్ నగర్ నుంచి ఎవరూ ఫోన్ చేయలేదు. నాలుగేళ్ళ కిందట వాకర్స్ అసోసియేషన్‌కి ప్రెసిడెంటుగా ఎన్నుకుంటే, ఆ చిన్న పదవిని ఆయన సినిమా అంత శ్రద్ధగా చేశాడు. ప్రతి జనవరిలో బాలనర్సయ్య పక్కనే నిలబడి లైన్ కొట్టించేవాడు. చెడ్డవాడు కాడు. ఈ కథ చెప్పేటప్పుడు అది ముందే చెప్పాలి.

ఈ ఏడు జనవరి నెలాఖరున కమలాకర్ వచ్చాడు. ఒకప్పుడు అచ్యుతరామయ్య దగ్గర అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు పెద్ద బ్యానర్లకు పనిచేస్తున్నవాడు. హాల్లోకి రాగానే వంగి కాళ్ళకు దండం పెట్టాడు.

"గురువుగారూ, మీరే జర హెల్ప్ చేయాలె. మా డైరెక్టర్ మీ గుట్ట చూసిండు. పడమటి వైపు ఆ ఎండిన గడ్డి ఉంది కదా, సాయంత్రం ఎండల బంగారం లెక్క మెరుస్తున్నదట. గదే కావాలంటుండు. ఒక్క పరక కూడా కొయ్యొద్దంటుండు."

"ఎన్ని రోజుల పనయ్యా?"

"నాలుగు రోజులు. ఫిబ్రవరి ఆఖర్ల. పర్మిషన్ల సంగతి నేను చూసుకుంట. లొకేషన్ మాత్రం మీరే దగ్గరుండి చూడాలె. టైటిల్స్‌లో మీ పేరు వేయిస్త."

కమలాకర్ కాఫీ తాగి వెళ్ళిపోయాక అచ్యుతరామయ్య బీరువా తెరిచి పాత తెల్ల చొక్కాలు బయటికి తీశాడు. ఆయన భార్య లీలాకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా ఏళ్ళయింది. ఆ చొక్కాలు తీసుకెళ్ళి తనే ఇస్త్రీ చేసింది.

మర్నాడు పై గేటు దగ్గర బాలనర్సయ్య కొడవళ్ళు నూరుతున్నాడు. అచ్యుతరామయ్య వెళ్ళి చెప్పాడు.

"ఈసారి పడమటి వైపు కోయొద్దయ్యా. షూటింగ్ ఉంది. అయ్యాక కోద్దువుగాని."

"ఎన్నడు సారూ షూటింగు?"

"ఫిబ్రవరి ఆఖర్లో."

బాలనర్సయ్య కొడవలి పక్కన పెట్టాడు. "గప్పటికి గాలి మళ్తది సారూ. ఆ గడ్డి ఇప్పుడే ముట్టుకుంటె విరుగుతున్నది. లోపల కొయ్యకుంటె కొయ్యకపాయె, గోడ పొంటి లైనన్న కొట్టుకోనియ్యండ్రి."

"వాళ్ళకి కావాల్సింది ఆ గోడ పక్కనేనయ్యా. చెప్తున్నానుగా, బాధ్యత నాది."

"మీరు బాధ్యతంటె నేనింట సారూ. అగ్గి ఇనది గద."

అచ్యుతరామయ్య నవ్వి భుజం తట్టాడు. బాలనర్సయ్య నవ్వలేదు. తూర్పు వైపూ ఉత్తరం వైపూ లైన్ కొట్టి, పడమర వదిలేశాడు.

ఫిబ్రవరి ఆఖరుకి హీరో డేట్లు కుదరలేదు. మార్చి రెండో వారం అన్నారు. ఆ తర్వాత ఏప్రిల్ మొదట్లో అన్నారు. మధ్యలో ఒకరోజు ఆర్ట్ డైరెక్టర్ వచ్చి గుట్టంతా తిరిగి, కింది గేటు దగ్గర గడ్డి జనం కాళ్ళ కింద పడి నలిగిపోతోందని మొహం చిట్లించాడు. ఆ సాయంత్రమే అచ్యుతరామయ్య కింది గేటుకు గొలుసు వేయించి తాళం పెట్టించాడు. బస్తీ వాళ్ళు కొన్నాళ్ళు రోడ్డు మీద తిరిగి రావాలని ఒక బోర్డు కూడా కట్టించాడు.

తాళంచెవి బాలనర్సయ్య దగ్గరే ఉండేది. అతను పొద్దున పనివేళకూ, మధ్యాహ్నం రెండున్నరకూ ఎవరూ చూడకుండా గేటు తీసి, వచ్చిపోయే ఆడవాళ్ళను పంపించి మళ్ళీ వేసేవాడు. వాళ్ళలో అతని భార్య నీలమ్మ కూడా ఉండేది. నీలమ్మ ఎనిమిదేళ్ళుగా అచ్యుతరామయ్య ఇంట్లోనే వంట చేస్తోంది. వారం తిరక్కుండానే అచ్యుతరామయ్య అది కనిపెట్టాడు.

"నీ వాళ్ళకైతే ఒక రూలు, అందరికీ ఒక రూలా?" అని తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నాడు. బాలనర్సయ్య తల వంచుకుని ఇచ్చేశాడు.

అప్పట్నుంచి నీలమ్మ చెమటలు కక్కుకుంటూ ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. వచ్చి వంటింట్లో ఫ్యాన్ కింద కాసేపు కూలబడేది.

"రోడ్డు మీదికెళ్ళి నడిసొస్తే మోకాళ్ళు గుంజుతున్నయమ్మా. సారుకు జర మీరన్న చెప్పరాదు?" అంది ఒకరోజు లీలాకుమారితో.

లీలాకుమారి చెప్పింది. "పది రోజులే కదా," అన్నాడాయన.

వయసులో ఉన్న ఆడవాళ్ళు కింది గేటు పక్కన గోడకు రాళ్ళు పేర్చుకుని ఎక్కి దూకడం అలవాటు చేసుకున్నారు. నీలమ్మకు ఆ పని చేతకాదు. మనిషి కొంచెం భారీ.

ఏప్రిల్ మొదటి ఆదివారం ఉదయం వాకింగ్‌లో పదిమందిని పోగేసి, షూటింగ్ మొదటి రోజున కాలనీ వాళ్ళ కోసం బండల దగ్గర కుర్చీలు వేయిస్తానని చెప్పాడు అచ్యుతరామయ్య. ఇంటికొచ్చి, తారీకు కనుక్కుందామని కమలాకర్‌కి ఫోన్ చేశాడు.

"అయ్యో గురువుగారూ, మీకు చెప్పలేదా? లొకేషన్ మారింది గద. డైరెక్టర్‌కు వికారాబాద్ దిక్కు ఇంకో జాగ నచ్చింది. షూట్ గూడ అయిపోయింది, మొన్న బుధవారం. మావోళ్ళు మీకు ఫోన్ చేసిన్రనుకున్న."

"ఓహో," అన్నాడు అచ్యుతరామయ్య. "మంచిదే. మంచిదేలే."

"ఏమనుకోకండి. నెక్స్ట్ సినిమాకు తప్పకుండ..."

ఫోన్ పెట్టేసి వరండాలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు గంట దాకా లేవలేదు. ఆ క్షణమే లేచి గేటు దాకా వెళ్ళి, గడ్డి కోసెయ్యమని బాలనర్సయ్యకు చెప్పి, తాళం తీయించి ఉంటే సరిపోయేది. కానీ ఏమని చెప్పాలి? రమ్మని పిలిచి, వేలు పట్టుకుని ఊరించి, చెప్పకుండా వెళ్ళిపోయారని చెప్పాలా? ఒకప్పుడు తన టీ గ్లాసు మోసినవాడికి తనకొక ఫోన్ చేయాలని గుర్తే లేకపోయిందని చెప్పాలా? రేపు చెబుదాం అనుకున్నాడు.

సోమవారం వాకింగ్‌లో ఎవరో "యూనిట్ ఎప్పుడు దిగుతోంది సార్?" అని అడిగారు. "ఈ వారంలోనే," అని నోటి నుంచి వచ్చేసింది. మంగళవారం ఒంట్లో బాగాలేదని వాకింగ్‌కే వెళ్ళలేదు. బుధవారం బాలనర్సయ్యే ఇంటికి వచ్చాడు. చెప్పులు మెట్ల కింద విడిచి, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఇంక ఎన్ని దినాలు సారూ? నిన్న ఎవడో బీడీ ముక్క ఏసిపోయిండు. పొగ చూసి ఉరికి తొక్కిన. నేను లేని టైముల ఏసుంటె? నాకైతె నిద్ర పడ్తలేదు."

అచ్యుతరామయ్య అతని మొహంలోకి చూడకుండా పేపరు మడతపెట్టాడు. "శనివారం దాకా ఆగవయ్యా. శనివారం నేనే చెప్తాను."

"శనారం అంటె శనారమే గద సారూ?"

"అన్నానుగా."

బాలనర్సయ్య దండం పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం లీలాకుమారి ఆవకాయ పని పెట్టుకుంది. నీలమ్మ పొద్దుటి నుంచి కత్తిపీట ముందు కూర్చుని కాయలు కొట్టింది, జీడి తీసింది, ముక్కలన్నీ పాత చీర మీద పరిచి ఒక్కొక్కటే గుడ్డతో తుడిచింది. పని తెమిలేసరికి మూడు అవుతోంది. మూడున్నరకు బస్తీలోకి నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. అది దాటితే మళ్ళీ రెండు రోజులకే.

"రోడ్డుకెళ్ళి పోతే ట్యాంకర్ దొర్కదమ్మా. గుట్ట మీదికెళ్ళే పోత. మా పక్కింటి పోరి రష్మి గూడ వస్తున్నది. గది గోడెక్కిస్తదిలే నన్ను," అని నవ్వింది నీలమ్మ.

"జాగ్రత్త. రేపు తీరిగ్గా రా, ముక్కలు కలుపుదాం," అంది లీలాకుమారి. ఒక జాడీ నీ కోసం తీసిపెడతానని కూడా అంది.

అచ్యుతరామయ్య అప్పటికి భోంచేసి ఏసీ వేసుకుని పడుకున్నాడు. ఎవరో తలుపు బాదుతుంటే మెలకువ వచ్చింది. బాదుతున్నది బాలనర్సయ్య. కాళ్ళకు చెప్పులు లేవు. ఎప్పుడూ గుమ్మం దాటనివాడు నేరుగా పడగ్గదిలోకి వచ్చేశాడు.

"తాళంచెవి సారూ! కింది గేటు తాళంచెవి! నీలమ్మ ఆడ ఉన్నది, అగ్గి అంటుకున్నది, తాళంచెవి..."

అచ్యుతరామయ్య లేచాడు. కళ్ళజోడు కనబడలేదు. టేబుల్ సొరుగు లాగాడు. లేదు. రెండో సొరుగు. లేదు. దేవుడి గూట్లో చూశాడు. ఫ్రిజ్ పైన చూశాడు. లీలాకుమారి పరుగెత్తుకొచ్చి బీరువాలో చొక్కాలన్నీ కింద పడేసింది. బాలనర్సయ్య తలుపు పట్టుకుని, "జల్ది సారూ, జల్ది," అని మాత్రం అంటున్నాడు. కిటికీలోంచి పొగ వాసన వస్తోంది. ఆఖరుకి తలుపు వెనక చిలక్కొయ్యకు వేలాడుతున్న తెల్ల చొక్కా జేబులో దొరికింది. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది.

ఓదెలు బండి మీద బాలనర్సయ్య రోడ్డు చుట్టి కిందికి పోయాడు.

అక్కడ ఏం జరిగిందో తర్వాత రష్మి చెప్పింది. ఇద్దరూ సగం దిగేసరికి పడమటి వైపు నుంచి చిటపటలు వినబడ్డాయి. ఏమిటో అర్థమయ్యేలోగా గడ్డి మీద మంట గాలితో సమానంగా పరుగెత్తి వచ్చింది. వెనక్కి ఎక్కడానికి దారి లేదు. కింది గేటుకు ఉరికారు. రష్మి రాళ్ళెక్కి గోడ మీదికి పాకి, నీలమ్మ చేయి పట్టుకుని లాగింది. రెండుసార్లు లాగింది. రెండోసారి పేర్చిన రాళ్ళు జారిపోయాయి. "నువ్వు దుంకు బిడ్డా, మీ మామను పిలువు," అంది నీలమ్మ. రష్మి బయటికి దూకి బాలనర్సయ్యకు ఫోన్ చేసింది. బస్తీ వాళ్ళు వచ్చి బండరాయితో గొలుసును కొట్టారు. అప్పుడే ట్యాంకర్ వచ్చింది కాని దాని పైపు గేటు దాకా అందలేదు. బిందెలతో తెచ్చి ఊచల సందుల్లోంచి నీలమ్మ మీద పోశారు. గేటు దాకా ఛాతీ ఎత్తు గడ్డి. బిందెలు సరిపోలేదు.

బాలనర్సయ్య వచ్చేసరికి తాళం ముట్టుకోలేనంతగా కాలుతోంది. తుండుగుడ్డ చేతికి చుట్టుకుని తీశాడు. ఆ గుడ్డ కూడా అంటుకుంది. నీలమ్మ అప్పటికి బతికే ఉంది. పెద్దాసుపత్రిలో రెండు రోజులు ఉండి శనివారం తెల్లవారుతుండగా పోయింది.

ఫైర్ ఇంజన్లు నాలుగు గంటలకు వచ్చి ఆరింటికి మంట ఆర్పాయి. తూర్పు వైపూ ఉత్తరం వైపూ లైన్ కొట్టిన చోట మంట ఆగిపోయింది. బంగళాలకు ఏమీ కాలేదు. కార్ల మీద బూడిద పడింది, డ్రైవర్లు మర్నాడు పొద్దున్నే కడిగేశారు. నిప్పు ఎలా పుట్టిందో మాత్రం ఎవరూ తేల్చలేదు.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. సెక్రటరీ ఓంప్రకాష్ రియల్ ఎస్టేట్ వ్యాపారి, మాట నేర్పరి. రెండు నిమిషాలు మౌనం పాటించాక ఒక కాగితం తీశాడు. పోలీసులకు ఇవ్వాల్సిన వివరణ అది. ప్రతి ఏటా చేయించే గడ్డి కోత పనిని మెయింటెనెన్స్ సిబ్బంది ఈసారి నిర్లక్ష్యం చేశారనీ, మృతురాలు నిషేధించిన దారిలో అక్రమంగా ప్రవేశించిందనీ అందులో ఉంది.

"ప్రెసిడెంట్‌గ మీ సంతకం కావాలె సార్," అన్నాడు ఓంప్రకాష్.

"నిర్లక్ష్యం అన్నమాట..." అన్నాడు అచ్యుతరామయ్య.

"సార్, మీరు కోయొద్దన్నట్టు కాగితం ఏమన్న ఉన్నదా? లేదు. షూటింగోళ్ళ లెటర్ ఉన్నదా? గదీ లేదు. లేనప్పుడు మనమెందుకు మీద ఏసుకోవాలె? మీ మంచికే చెప్తున్న. బాలనర్సయ్యకు ఏదన్న సాయం చేద్దాం, నేను కాదంటలేను."

గదిలో ముప్ఫై మంది ఉన్నారు. జనవరిలో షూటింగ్ కబురు చెప్పినప్పుడు వాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఒక్కరూ తల ఎత్తలేదు. అచ్యుతరామయ్య సంతకం పెట్టాడు.

ఇంటికి వచ్చేసరికి లీలాకుమారి వంటింట్లో నేల మీద కూర్చుని ఉంది. ముందు పాత చీర, దాని మీద మామిడి ముక్కలు. మూడు రోజులుగా ఎవరూ ముట్టుకోలేదు. అంచుల్లో బూజు పట్టి మెత్తబడ్డాయి.

"ఏం రాశారు?" అంది.

ఆయన చెప్పాడు.

"సంతకం పెట్టారా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"పోయిన ఆదివారం ఎవరితోనో ఫోన్లో మాట్లాడి గంటసేపు వరండాలో కూర్చున్నారు. నేను అడగలేదు. అడిగితే బాధపడతారని ఊరుకున్నాను." ఆమె ఒక ముక్క తీసి చూసి మళ్ళీ అక్కడే పెట్టింది. "నేను ఆ రోజే కాయలు కొట్టాలని పట్టుపట్టకపోతే రెండింటికే వెళ్ళిపోయేది. రోడ్డు మీద వెళ్ళిపోయేది. నా లెక్క నాకుంది. మీ సంగతి మీరు చూసుకోండి."

మూడో రోజు కర్మ అయిన మర్నాడు బాలనర్సయ్యను స్టేషన్‌కి పిలిచారు. ఆ సంగతి రష్మి వచ్చి లీలాకుమారికి చెప్పింది. లీలాకుమారి భర్త దగ్గరికి వెళ్ళి చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది.

స్టేషన్‌లో బాలనర్సయ్య బల్ల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. అచ్యుతరామయ్య అతన్ని దాటుకుని ఎస్సై ముందుకు వెళ్ళాడు.

"గడ్డి కోయొద్దన్నది నేను. గేటుకు తాళం వేయించింది నేను. తాళంచెవి లాక్కున్నదీ నేనే. ఆ వివరణ మీద నా సంతకం ఉంది. అది అబద్ధం."

ఎస్సై కుర్రవాడు. "కూర్చోండి సార్, నీళ్ళు తాగండి," అన్నాడు. "లాయర్‌తో మాట్లాడారా?"

"లేదు. రాసుకోండి."

రాసుకున్నారు. కమలాకర్ ఫోన్ ఎత్తలేదు. తర్వాత పిలిపిస్తే, గుట్ట ఊరికే చూసి వచ్చామనీ గడ్డి గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదనీ వాంగ్మూలం ఇచ్చాడు. కేసు అచ్యుతరామయ్య మీదికి మారింది. బెయిల్ వచ్చింది. అసోసియేషన్ ఆయన పేరు తీసేసింది. ఓంప్రకాష్ ఎదురైతే ఫోన్ చెవికి పెట్టుకుని పక్క వీధిలోకి తిరిగిపోయేవాడు.

ఆ రోజు స్టేషన్‌లో బాలనర్సయ్య ఒక్కసారి కూడా తల తిప్పి ఆయన వైపు చూడలేదు. ఆయన అతనికి ఏదో చెప్పబోతే లేచి బయటికి నడిచాడు. ఆదివారం ఫోన్ సంగతి మాత్రం అచ్యుతరామయ్య ఎస్సైకి చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

వానలు పడ్డాయి. బూడిద కింద నుంచి గడ్డి మళ్ళీ పచ్చగా లేచింది. బాలనర్సయ్య బస్తీ ఖాళీ చేసి మోతీనగర్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా పోయాడని ఓదెలు చెప్పాడు. ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే అచ్యుతరామయ్య ఆటో ఎక్కి అక్కడికి వెళ్ళాడు.

బాలనర్సయ్య సెల్లార్లో కార్లు తుడుస్తున్నాడు. చేతుల మీద చర్మం ముడతలు పడి గులాబీ రంగులో మెరుస్తోంది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. గుడ్డను అరచేతులతో నొక్కి తుడుస్తున్నాడు. ఆయన్ని చూసి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి జరిపాడు. తను నిలబడే ఉన్నాడు.

"నీకొక సంగతి చెప్పాలయ్యా," అన్నాడు అచ్యుతరామయ్య. కుర్చీలో కూర్చోలేదు. "ఆ షూటింగ్ అక్కడ జరగదని నాకు ముందే తెలుసు. లొకేషన్ మారిపోయిందని ఫోన్లో చెప్పారు. నువ్వు ఇంటికొచ్చి అడిగిన రోజుకే నాకు తెలుసు. చెప్పడానికి నామోషీ అనిపించింది. శనివారం దాకా ఆగమన్నాను."

బాలనర్సయ్య చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏ దినం తెలిసింది సారూ మీకు?"

"ఆదివారం. పొద్దున తొమ్మిదింటికి."

"ఐతారం." అతను కారు మీదికి చూస్తూ నెమ్మదిగా లెక్కపెట్టాడు. "సోమారం. మంగళారం. బుధారం..." వేళ్ళు మడవబోయి, మడవలేక ఆగాడు. "ముగ్గురం ఉంటిమి. నేను, ఓదెలు, భిక్షం. పడమటి దిక్కు కోసి లైన్ కొట్టుటానికి మాకు రెండు దినాలు సారూ. గంతే. మంగళారం పొద్దుమూకాల్లకు ఒడుస్తుండె."

"తెలుసు."

"మీకు తెల్వది." గొంతు పెరగలేదు. "నేనింక ఏమనుకున్ననో ఎర్కనా? సారు గూడ మోసపాయె, సినిమోళ్ళు చెప్పకపాయిరి, సారు మాత్రం ఏం జేస్తడు అనుకున్న. తప్పు నాదే, సారు వద్దన్నా రాత్రికి రాత్రి కోసి పారేయాలె, ఉద్యోగం పోతే పోయె అనుకున్న. గా మాట మీద ఇన్ని దినాలు బతికిన. ఇప్పుడు మీరొచ్చి గిది చెప్పవడితిరి. ఎందుకు చెప్పిండ్రు సారూ? నీలమ్మకు ఏమన్న ఒరిగిందా? మీ మనసు తేలికైతదని వచ్చిండ్రు."

అచ్యుతరామయ్య ఖాళీ కుర్చీని గోడ వారకు జరిపాడు. క్షమించమని అడుగుదామని వచ్చాడు. అది అడిగే మాట కాదని ఇప్పుడు తెలిసింది.

"పోండ్రి," అన్నాడు బాలనర్సయ్య. "మళ్ళ రాకుండ్రి."

అక్కడి నుంచి ఆయన ఇంటికి పోలేదు. స్టేషన్‌కి వెళ్ళి ఆ నాలుగు రోజుల సంగతి కూడా రాసుకోమన్నాడు. ఎస్సై విని, "రాస్తాను సార్. దీనివల్ల కేసులో పెద్దగా తేడా ఏమీ ఉండదు," అన్నాడు. ఆయన సంతకం చేసి వచ్చాడు. ఇంట్లో లీలాకుమారికి చెబితే, విని, "తిన్నారా?" అని అడిగి కంచం పెట్టింది.

మళ్ళీ జనవరి వచ్చింది. అసోసియేషన్ ఆ పనిని ఓదెలుకూ భిక్షానికీ అప్పగించింది. కింది గేటును బస్తీ వాళ్ళు ఎప్పుడో ఊడబెరికేశారు, మళ్ళీ పెట్టించే ధైర్యం ఎవరూ చేయలేదు. మొదటి రోజు పొద్దున్నే అచ్యుతరామయ్య పాత లుంగీ, బనియను వేసుకుని పడమటి గోడ దగ్గరికి వెళ్ళి, ఓదెలు కోసిన గడ్డిని చేతులతో ఎత్తి కుప్ప వేయడం మొదలుపెట్టాడు. వాళ్ళు రమ్మనలేదు, పొమ్మననూ లేదు. మధ్యాహ్నానికి అరచేతులు కోసుకుపోయి నెత్తురు వచ్చింది. నడుము నొప్పికి నిలబడలేక బండ మీద కూర్చున్నాడు.

రెండున్నరకు ఆడవాళ్ళు గుట్ట దిగి వచ్చారు. ఆయన కూర్చున్న చోటు దారి పక్కనే. మాటలు ఆపేసి, ఒకరి వెనక ఒకరుగా ఆయన్ని దాటుకుని వెళ్ళారు. ఆఖర్న రష్మి వచ్చింది. ఒక్క క్షణం ఆగి, ఆయన చేతుల వైపు చూసి, చున్నీ సర్దుకుని కిందికి దిగిపోయింది. ఆమె కనబడినంతసేపూ చూసి, ఆయన లేచి మళ్ళీ గడ్డి ఎత్తసాగాడు.